చిత్రశాలలో తలతిరుగుడు - కరువుసీమ సాక్ష్యం

బొమ్మను చూచి ఒళ్లు తూలటం యూరపులో రెండు వందల ఏండ్లుగా ఒక గౌరవప్రదమైన జబ్బు. ఆకలితో ఒళ్లు తూలటానికి ఎక్కడా ఆ గౌరవం లేదు. ఈ రెండు తూలుళ్లకూ మధ్య ఇంత దూరం ఎట్లా వచ్చింది, ఎవరు దాన్ని కొలిచి గీతలు గీశారు అన్నది కళావిమర్శకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు, చరిత్రకు చెందిన ప్రశ్న. అనంతపురం వంటి కరువు పీఠభూమి నుంచి పరదేశం వెళ్లి అక్కడి ఆధునిక కళాప్రదర్శనశాలలో అడుగుపెట్టినవాడికి ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు.

ముందు జబ్బు సంగతి చూద్దాం. ఫ్రెంచి రచయిత స్టెంధాల్ 1817లో ఫ్లారెన్సు నగరంలోని శాంతా క్రోచె చర్చిని దర్శించి బయటికి వస్తుంటే తనకు గుండెదడ పుట్టిందనీ, పడిపోతానేమోనన్న భయంతో అడుగులు వేశాననీ తన యాత్రాగ్రంథంలో చెప్పుకున్నాడు. మైకెలాంజెలో, గెలీలియో సమాధులున్న చర్చి అది. తరువాత నూటయాభై ఏండ్లకు పైగా గడిచాక, 1979లో, అదే నగరంలోని శాంతా మరియా నూవా ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు గ్రాజియెల్లా మఘెరీని, చిత్రాలూ శిల్పాలూ చూచి తల తిరిగి, మతి చెదిరి ఆసుపత్రికి వచ్చిన విదేశ యాత్రికుల బాధకు ఆ రచయిత పేరే పెట్టింది. 1989లో అట్టివారి కేసులు నూటికి పైగా చేర్చి పుస్తకం ప్రకటించింది. సౌందర్యం మితిమీరి మీదపడితే మనిషి తట్టుకోలేడన్నది ఈ వాదం సారాంశం.

ఇంకొక వాదమూ ఉన్నది. అమెరికాలోని బోస్టన్ లలితకళా ప్రదర్శనశాల ఉద్యోగి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లో 'మ్యూజియం అలసట' అన్న వ్యాసం ప్రకటించాడు. ఆయన ఆత్మ జోలికి పోలేదు. ఒక మనిషిని ప్రదర్శనశాలలో నిలబెట్టి, అద్దాల పెట్టెల్లోని వస్తువులను చూడటానికీ, కింద అంటించిన చీటీలు చదవటానికీ అతడు ఎట్లా వంగాల్సి వస్తున్నదో, ఎట్లా కూలబడాల్సి వస్తున్నదో, మెడ ఎట్లా చాచాల్సి వస్తున్నదో ఫోటోలు తీయించాడు. సందర్శకుడు అలసిపోవటానికి కారణం కళ కాదు, పెట్టెలు అమర్చిన తీరు అని తేల్చాడు. ఇది మెచ్చదగిన మాట. ఒంటి బాధకు కారణం వెతికేటప్పుడు ముందు ఆకాశంలోకి గాక, ఎదుట ఉన్న బల్ల ఎత్తు చూడమన్నాడు.

కాని గిల్మన్ కూడా అక్కడే ఆగిపోయాడు. వస్తువును ఏ ఎత్తున పెట్టారన్నది చూచాడు గాని, ఏ వస్తువును ఏ భవనంలో పెట్టారు, దేన్ని కళ అన్నారు, దేన్ని రోగలక్షణం అన్నారు, దేన్ని ఆచారం అన్నారు అని అడగలేదు. మనం అడగవలసింది అదే.

ప్రదర్శనశాల ఎవరి సొమ్ము

ప్రదర్శనశాల అనేది పుట్టుకతోనే ప్రజాద్రోహి అని కొందరు తొందరపడి అంటారు. అది సరికాదు. పారిస్‌లోని లూవ్ర్ రాజప్రాసాదం 1793 ఆగస్టు 10న ప్రజల కోసం ప్రదర్శనశాలగా తెరుచుకున్నది. రాజరికం కూలి సరిగ్గా ఏడాది నిండిన దినం అది. రాజు గోడలమీద ఉన్నవి ప్రజల కండ్లముందుకు వచ్చాయి. అది విప్లవం ఇచ్చిన కానుక. దాన్ని మనం వదులుకోరాదు.

ఆధునిక కళాప్రదర్శనశాలల చరిత్ర వేరు. న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల 1929 నవంబరు 7న, వాల్ స్ట్రీటు కుప్పకూలిన కొద్ది దినాలకే, తెరుచుకున్నది. దాన్ని స్థాపించిన ముగ్గురు స్త్రీలలో ఒకరు చమురు కుబేరుల ఇంటి కోడలు ఆబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్. ఆ ప్రదర్శనశాలే 1931 డిసెంబరులో మెక్సికో విప్లవ చిత్రకారుడు డీగో రివేరా చిత్రాలను ప్రదర్శించింది. ఆ కుటుంబమే తమ కొత్త భవనంలో అతడు గీసిన కుడ్యచిత్రాన్ని, అందులో లెనిన్ ముఖం ఉన్న కారణంగా, 1934లో పగలగొట్టించింది. ఈ రెండూ ఒకే చేతి పనులే. చట్రంలో బిగించి గోడకు తగిలించిన తిరుగుబాటును ధనికవర్గం మెచ్చుకుంటుంది. గోడనే ఆక్రమించిన తిరుగుబాటును సహించదు.

లండన్‌లోని టేట్ చిత్రశాల 1897లో, అంతకుముందు కారాగారం ఉన్న స్థలంలో, చక్కెర వర్తకుడు హెన్రీ టేట్ ఇచ్చిన సొమ్ముతో వెలిసింది. ఆధునిక కళ కోసం దాని శాఖ 2000లో థేమ్స్ ఒడ్డున ఒక పాత విద్యుత్ కేంద్రంలో తెరుచుకున్నది. టేట్ 1819లో పుట్టాడు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వ నిషేధ చట్టం 1833లో వచ్చింది. కనుక ఆయన స్వయంగా బానిసలను ఏలినవాడు కాడు. కాని చక్కెర అనే సరుకు వెనుక ఉన్న వ్యవస్థను ఆయన పుట్టిన తేదీ కడగలేదు. బానిసలు విడుదలైన తోటల్లోకి ఎవరు పోయారు? 1834 నుంచి మారిషస్‌కూ, 1860 నుంచి నేటాల్‌కూ ఒప్పంద కూలీలు ఓడలెక్కారు. నేటాల్ చేరిన మొదటి ఓడ 'ట్రూరో' మదరాసు రేవు నుంచి బయలుదేరిందే. కోరంగి, విశాఖపట్నం, మదరాసు రేవుల్లో ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. కరువు వచ్చిన ఏడు కూలీల ఏజెంట్లకు పని సులభమయ్యేది. ఒక టీ గిన్నెలో కరిగిన చక్కెరకూ, మన జిల్లాల్లో ఎండిన చెరువుకూ ఆ విధంగా లంకె పడింది.

సన్నని మనిషి

కొన్నేండ్ల కింద ఒక పరదేశ నగరంలో, ఒక ఆధునిక కళాప్రదర్శనశాలలో, ఈ వ్యాసకర్తకు ఒంట్లో బాగాలేకపోయింది. చెప్పుకోదగిన వింత ఏమీ లేదు. విమాన ప్రయాణపు నిద్రలేమి, రాత్రినుంచి వచ్చిన జ్వరం, అక్కడి ధరలకు జడిసి పొద్దున మానేసిన తిండి. స్టెంధాల్ జబ్బు కంటె గిల్మన్ జబ్బుకు దగ్గర. రెండింటికంటె మనవాళ్లు 'నీరసం' అనే జబ్బుకు దగ్గర. గోడకు ఆనుకోబోతే కాపలా మనిషి మర్యాదగానే వారించి, బెంచీ చూపించాడు. ఆ బెంచీకి ఎదురుగా ఉన్నది స్విట్జర్లాండు శిల్పి అల్బెర్తో జకొమెత్తి పోతపోసిన సన్నని మనిషి.

జకొమెత్తి (1901-1966) రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత చేసిన కంచు బొమ్మలు లోకప్రసిద్ధం. కాళ్లూ చేతులూ పుల్లలవలె, పక్కటెముకల మీద చర్మం మాత్రమే మిగిలినట్టు, నిలబడినవీ నడుస్తున్నవీ. 1948లో న్యూయార్కులో ఆయన బొమ్మలు ప్రదర్శించినప్పుడు జాన్ పాల్ సార్త్ర్ వాటికి పరిచయవ్యాసం రాశాడు. అప్పటినుంచి వాటిని చూచేవాళ్లు ఆధునిక మానవుని ఒంటరితనాన్ని చూస్తారు. నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడిన మనుషులను తలుచుకుంటారు. 1960లో ఆయన చేసిన 'నడిచే మనిషి' ప్రతి ఒకటి 2010లో లండన్ వేలంలో 6 కోట్ల 50 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది.

అనంతపురంవాడికి ఆ బొమ్మ ముందు మరొక సంగతి తోస్తుంది. ఇట్లాంటి మనిషిని ఇదివరకే చూచాను. కాని అది కంచు కాదు, ఫోటో. కళ అన్న పేరు దానికి లేదు. జ్వరం వల్ల కలిగిన భ్రమ కాదిది. ఆ ఫోటోలు ఉన్నాయి. వాటికి తేదీలు ఉన్నాయి. తీసినవాడి పేరు ఉన్నది. తీయబడినవాళ్ల పేర్లే లేవు.

ధాత కరువు

1876లో వానలు తప్పాయి. తెలుగు సంవత్సరం ధాత. మన ముసలివాళ్లు దాన్ని 'ధాత కరువు' అన్నారు. కరువుకు సంవత్సరం పేరు పెట్టి జ్ఞాపకం పెట్టుకోవటం మన పల్లెల పద్ధతి. నందన సంవత్సరంలో వచ్చింది నందన కరువు. తారీఖులు తెలియని జనానికి చరిత్ర లేదనేవాళ్లు ఈ పేర్లను గమనించాలి.

అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్లారి జిల్లాను చీల్చి దాన్ని ఏర్పరిచారు. ఆనాటి ఆ జిల్లా తాలూకాలన్నిటికీ కలిపి చూస్తే, 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జనం సుమారు అయిదో వంతు తగ్గిపోయారు. పక్కనున్న కర్నూలులో నాలుగో వంతు తగ్గారు. బ్రిటిషు పాలనలోని ప్రాంతాల్లో 1876-78 కరువుకు చచ్చినవాళ్లు తక్కువ అంచనాలోనే 55 లక్షలు.

వాన లేక చచ్చారని పాఠ్యపుస్తకాలు చెపుతూ వచ్చాయి. ఈ పీఠభూమిలో సాలుకు పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రెండు ఋతుపవనాలూ కొండలకు తగిలి, అలసిపోయి ఇక్కడికి చేరుతాయి. ఇది నిజమే. కాని ఇది 1876లో కొత్తగా వచ్చిన నిజం కాదు. బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దిలో, చిక్కవొడయ పండమేరుకు అడ్డకట్ట వేసి అనంతపురం చెరువు కట్టించాడని స్థానిక చరిత్ర చెపుతుంది. బుక్కరాయసముద్రం, ధర్మవరం, బుక్కపట్నం చెరువులు అట్టివే. వాన తక్కువని తెలిసినవాళ్లు కట్టుకున్న సీమ ఇది. విజయనగర రాజులూ పన్నులు పిండినవాళ్లే, వాళ్లను మనం దేవుళ్లను చేయనక్కర లేదు. కాని చెరువు లేకపోతే పన్ను లేదన్న ఇంగితం వాళ్లకున్నది.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకూ ఇక్కడ ఉండి, చేను చేనూ కొలిపించి శిస్తు కట్టాడు. పంటలో దాదాపు సగం సర్కారుకు పోయే లెక్క అది. వెళ్లిపోతూ ఆయనే ఈ శిస్తు నూటికి 25 వంతున తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. రైతు చేతిలో ఒక ఏడు కరువును తట్టుకునే గింజ మిగలకుండా చేసిన యంత్రం అదీ. దాన్ని వాన నడపలేదు, కచ్చేరీ నడిపింది.

1871 నాటికి మదరాసు నుంచి తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలుమార్గం పడి బొంబాయి మార్గంతో కలిసింది. రైలు వస్తే కరువు పోతుందని చెప్పారు. రైలు గింజను ఆకలి ఉన్న చోటికి మోయదు. ధర ఉన్న చోటికి మోస్తుంది. కూలి పోయినవాడి దగ్గర ధర లేదు. తిండి లేక గాక, తిండి కొనే దిక్కు లేక జనం చస్తారని అమర్త్య సేన్ 1981లో శాస్త్రీయంగా నిరూపించిన సంగతిని మన కూలివాళ్లు నూరేండ్ల ముందే ఒంటిమీద నేర్చుకున్నారు.

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు తీర్చి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా మదరాసు రాజధానికి పంపాడు. ఈ టెంపుల్ 1874లో బీహారు కరువులో బియ్యం తెప్పించి ప్రాణాలు కాపాడినవాడే. దుబారా చేశాడని అప్పుడు తిట్లు తిన్నాడు. ఆ మచ్చ మాపుకోవటానికి మదరాసులో పొదుపు చూపించాడు. కరువు పనిలో మట్టి మోసే మగవాడికి దినానికి ఒక పౌను ధాన్యం, దానిమీద కొద్దిపాటి డబ్బు. ఇదే చరిత్రకెక్కిన 'టెంపుల్ కూలి'. పౌను అంటే మన కొలతలో సుమారు 450 గ్రాములు. బరువుపని చేసే ఒంటికి ఇది చాలదని మదరాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్, ఆ ప్రభుత్వపు ఉద్యోగి అయివుండి కూడా, కాగితం మీద పోరాడాడు. బొంబాయి రాజధానిలో కూలీలు ఆ కూలికి పని చేయమని శిబిరాలు వదిలి వెళ్లారు. పూనా సార్వజనిక సభ వాళ్ల తరఫున నిలిచింది. కొద్ది నెలల తరువాత మదరాసులో కూలి పెంచారు. ఆ కొద్ది నెలల్లో పోయినవాళ్లు తిరిగి రాలేదు.

పేరులేని ఫోటోలు

ఈ శిబిరాల జనాన్ని ఫోటోలు తీసినవాడు విలోబీ వాలెస్ హూపర్ (1837-1912). మదరాసు అశ్వికదళంలో అధికారి. భారత ప్రభుత్వం 1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా అచ్చువేసిన 'భారతదేశ ప్రజలు' అనే ఫోటోల గ్రంథానికి పనిచేసినవాళ్లలో ఒకడు. కులాన్నీ తెగనూ నమూనాలుగా నిలబెట్టి ఫోటో తీయటం అలవాటైన చెయ్యి. ఆ చేతితోనే కరువునూ తీశాడు. ఎముకలగూళ్లవంటి మగవాళ్లను, ఆడవాళ్లను, పిల్లలను వరుసలు తీర్చి, కొందరిని కూర్చోబెట్టి, కొందరిని నిలబెట్టి, కెమెరావైపు చూడమన్నాడు. ఆ కాలపు పద్ధతిలో ప్లేటు మీద బొమ్మ పడటానికి కదలకుండా ఉండాలి. నిలబడే ఓపిక లేని మనిషి కదలకుండా నిలబడ్డాడు.

ఈ హూపరే 1886లో మాండలేలో, బర్మా ఆక్రమణ తరువాత, బర్మీయులను కాల్చి చంపే సమయాన గుళ్లు తగిలే క్షణం ప్లేటు మీద పడేట్టు చూచుకుంటూ ఫోటోలు తీశాడు. ఆ వార్త లండన్ పత్రికలకెక్కి, విచారణ జరిగి, మందలింపుతో ముగిసింది. కరువు ఫోటోలకు మాత్రం విచారణ లేదు. తుపాకితో చంపటం నేరం కావచ్చు. కూలిరేటుతో చంపటం పరిపాలన.

హూపర్ కరువు ఫోటోలు ఇప్పుడు ఎక్కడున్నాయి? లండన్‌లోని వెల్‌కమ్ సేకరణలో ఉన్నాయి. వెల్‌కమ్ మందుల వ్యాపారి. ఆయన కూడబెట్టించినది వైద్యచరిత్ర భాండారం. శస్త్రచికిత్స కత్తులు, ఔషధాల సీసాలు, రోగుల బొమ్మలు ఉన్న చోటే మనవాళ్ల ఎముకలూ ఉన్నాయి. భద్రంగా ఉంచారు, ఎవరు అడిగినా చూపిస్తారు. అందుకు కృతజ్ఞత చెప్పవలసిందే. కాని ఆ అమరిక చెప్పే అర్థాన్ని గమనించాలి. యూరపు మనిషి సన్నబడితే అది చరిత్ర. యుద్ధం, నాజీజం, ఒంటరితనం, తత్త్వం. దానికి ఆధునిక కళాప్రదర్శనశాల. అనంతపురం మనిషి సన్నబడితే అది వైద్యం లేక వాతావరణం. దానికి రోగాల అర. ఒకే సన్నదనాన్ని రెండు భవనాల్లోకి పంచిపెట్టారు. గిల్మన్ అద్దాలపెట్టెల ఎత్తును తప్పుపట్టాడు గాని, ఈ అమరికను తప్పుపట్టలేదు. మన తలతిరుగుడుకు అసలు కారణం ఇదే. ఒంట్లో బాగాలేనివాడికి ఒక చిన్న లాభం ఉన్నది. తన ఒళ్లు తనకు గుర్తుంటుంది. అద్దంలో నీడగా గాక, కూలబడబోయే ఒంటిగా అతడు బొమ్మముందు నిలబడతాడు. అప్పుడు చీటీమీద రాసిన తత్త్వం కంటె ముందు, వీడు తిన్నాడా అన్న ప్రశ్న వస్తుంది.

మూడవ అర కూడా ఒకటున్నది. దాని పేరు జానపదం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. 2022లో జిల్లాను విభజించినప్పుడు లేపాక్షితోపాటు అదీ కొత్తగా ఏర్పడ్డ శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. ఇంట్లో ఆరె మరాఠీ, ఆటలో తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ తరతరాలుగా మేకతోలు గీకి, పలచన చేసి, రంగులద్ది, దీపం ముందు రామాయణ భారతాలు ఆడించాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వానలు తప్పిన ఏట విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందని మన పల్లెల్లో నమ్మకం. ఆ నమ్మకాన్ని మనం ఒప్పుకోనక్కర లేదు. కాని ఆట వెనుక ఉన్న కరువును ఒప్పుకోవాలి. ఇప్పుడు తెలుగు తోలుబొమ్మలు పరదేశపు ప్రదర్శనశాలల్లోనూ ఉన్నాయి. దీపం లేదు, పాట లేదు, కాని గాలిలో తేమను లెక్కకట్టి ఇస్తారు. లేకపోతే తోలు పగులుతుందట. ఆ తోలు ఇచ్చిన మేకకు చెరువులో గుక్కెడు నీళ్లు దొరికాయో లేదో ఏ చీటీ చెప్పదు.

పేరు పెట్టిన కళ

ఈ పరిస్థితికి బదులుగా గతంలో ఏమి జరిగిందో చూస్తే దారి కనిపిస్తుంది. 1943లో బెంగాలు కరువు వచ్చింది. చచ్చినవాళ్ల లెక్క 30 లక్షల దాకా పోయింది. ఆ కరువును గీసినవాళ్లు కొందరున్నారు. జైనుల్ ఆబెదిన్ నాసిరకం కాగితం మీద నల్లసిరాతో కలకత్తా వీధుల్లోని ఆకలిని గీశాడు. కమ్యూనిస్టు పార్టీ పత్రిక కోసం సునీల్ జనా ఫోటోలు తీశాడు; తరువాత అమెరికన్ ఫోటోగ్రాఫరు మార్గరెట్ బర్క్-వైట్‌తో కలిసి దక్షిణ భారతపు కరువు ప్రాంతాలు కూడా తిరిగాడు. చిత్తప్రసాద్ మిడ్నపూరు జిల్లాలో కాలినడకన తిరిగి, గీసిన మనిషి పేరూ, ఊరూ, ఏ పని చేసేవాడో కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మలతో 'హంగ్రీ బెంగాల్' పుస్తకం వచ్చింది. ప్రభుత్వం ప్రతులన్నీ పట్టుకుని తగలబెట్టింది. కుటుంబం దగ్గర మిగిలిన ఒకే ఒక ప్రతినుంచి 2011లో మళ్లీ అచ్చయింది.

ఆలోచించండి. హూపర్ ఫోటోల్లోనూ ఎముకలే, చిత్తప్రసాద్ బొమ్మల్లోనూ ఎముకలే. మొదటివాటిని ప్రభుత్వం తగలబెట్టలేదు, రెండవవాటిని తగలబెట్టింది. తేడా పేరులో ఉన్నది. పేరులేని ఎముకలను చూచి జాలిపడవచ్చు, చందా వేయవచ్చు, మరిచిపోవచ్చు. ఫలానా ఊరి ఫలానా సాలెవాడు, భూమి ఫలానావాడి దగ్గర తాకట్టుపడి, బియ్యం ఫలానా గోదాములో ఉండగా చచ్చాడు అంటే అది అభియోగపత్రం అవుతుంది.

పికాసో తన చిత్రానికి పెట్టిన పేరు చూడండి. 1937 ఏప్రిల్ 26న ఫాసిస్టు విమానాలు బాస్కు సీమలోని గెర్నికా పట్టణాన్ని బాంబులతో ధ్వంసం చేశాయి. పికాసో 'యుద్ధ విషాదం' అనో, 'మానవ దుఃఖం' అనో పేరు పెట్టలేదు. ఆ ఊరి పేరే పెట్టాడు. ఆ చిత్రం 1939 నుంచి 1981 వరకు న్యూయార్కులో ఉండి, ప్రజాస్వామ్యం మళ్లీ వచ్చిన తరువాతే స్పెయిను చేరింది. 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితిలో అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పవెల్ ఇరాకు యుద్ధం కోసం వాదించటానికి వచ్చిన సమయంలో, అక్కడి గోడమీద వేలాడుతున్న ఆ చిత్రపు నేతప్రతికి నీలితెర కప్పారు. బొమ్మ చూచి ఒళ్లు తూలేది యాత్రికులకు మాత్రమే కాదు, పాలకులకూ తూలుతుంది. ఊరి పేరున్న బొమ్మకే ఆ శక్తి.

మన సీమలో ఈ ఎరుక లేదని కాదు. తరిమెలవాడైన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో కరువును ఋతువర్ణనగా వదిలేయలేదు. రంగడనీ గంగమ్మనీ పేర్లు పెట్టి, వాళ్ల కడుపు గతి చెప్పాడు. ఇంకా వెనక్కి పోతే లేపాక్షి ఉన్నది. 16వ శతాబ్దిలో, అచ్యుతరాయల కాలంలో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం పైకప్పు నిండా బొమ్మలు. రాజు అనుమతి లేకుండా బొక్కసం సొమ్ము గుడికి పోశాడని నేరం మోపి, కండ్లు పీకమన్నారనీ, విరూపణ్ణ తానే కండ్లు పెరుక్కుని గోడకు విసిరాడనీ కథ. ఆ ఎర్రని మరకలను ఇప్పటికీ చూపిస్తారు. ఇది చరిత్ర అని ఎవరూ ప్రమాణం చేయలేరు. కాని జనం ఏమి గుర్తుపెట్టుకోదలచారో గమనించండి. అంత అందమైన బొమ్మలకింద నిలబడి, ఇంత సొమ్ము ఎక్కడిది, ఎవరి ఒంటినుంచి వసూలయింది అని అడిగారు. యూరపు యాత్రికుడు శాంతా క్రోచెలో అడగని ప్రశ్నను మన సీమ గైడు మరక చూపించి అడుగుతున్నాడు.

మనం చేయవలసిన పని

కరువును ప్రకృతి ఖాతాలో రాసినంతకాలం దానికి బాధ్యుడు దొరకడు. అనంతపురం ఎడారి అవుతున్నదనే మాట దశాబ్దాలుగా వింటున్నాం. బోర్లు ఎండి, వేరుశనగ ఒక్కటే దిక్కయి, అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు 1990ల చివరినుంచి వింటున్నాం. బెంగళూరు కట్టడాల్లో ఇటుకలు మోసేవాళ్లలో మనవాళ్లు ఎందరో. ఇదంతా వాన చేసిన పనే అయితే, చెరువు పూడిక ఎవరు తీయలేదు, అప్పు ఏ వడ్డీకి వచ్చింది, విత్తనం ఎవరు అమ్మారు, పంట ధర ఎవరు కట్టారు అన్న ప్రశ్నలకు చోటుండదు. ధాత కరువును వైద్యపు అరలో పెట్టిన చెయ్యే నేటి కరువును వాతావరణ నివేదికలో పెడుతున్నది.

అందుకని విదేశపు ప్రదర్శనశాలలను తిట్టి ఊరుకోవటం వల్ల ప్రయోజనం లేదు. అవి దాచిపెట్టినందువల్లనే హూపర్ ఫోటోలు మనకు సాక్ష్యంగా మిగిలాయి. మన కళాశాలల చరిత్ర ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేయగల పనులు ఉన్నాయి. మొదటిది, ఆ ఫోటోల ప్రతులను తెప్పించి, 1877 నాటి కూలిరేట్ల పట్టీలతోనూ, జనాభా లెక్కలతోనూ కలిపి, ఒకే గోడమీద ప్రదర్శించటం. ఎముక పక్కన కూలిరేటు ఉంటే ఎవరికీ చీటీ అక్కరలేదు. రెండవది, ఒక్కొక్క ఊరికీ వెళ్లి కరువుల పేర్లు, కరువు పనికింద తవ్విన చెరువుల పేర్లు, వలసపోయిన ఇళ్ల పేర్లు ముసలివాళ్ల నోట రాసుకోవటం. ధాత కరువు చూచినవాళ్లు లేరు. వాళ్ల మాటలు విన్నవాళ్ల మనుమలు ఇంకా ఉన్నారు, వాళ్లూ ఎంతోకాలం ఉండరు. మూడవది, నిమ్మలకుంట కళాకారుల చేత దీపాల మీది గుడ్డలూ గోడ అలంకారాలూ మాత్రమే చేయించకుండా, వాళ్ల సీమ కరువు కథను వాళ్ల దీపం ముందే ఆడించమని అడగటం, ఆడినందుకు తగిన కూలి ఇవ్వటం.

స్టెంధాల్‌కు తల తిరిగింది అందం వల్ల. గిల్మన్ సందర్శకుడికి తిరిగింది బల్లల వల్ల. మన సీమవాడికి తిరిగేది, గోడమీద ఉన్న సన్నని మనిషికి తత్త్వమూ, తన తాతకు రోగమూ అంటగట్టిన లెక్క వల్ల. మొదటి బాధకు విశ్రాంతి చాలు, రెండవదానికి వడ్రంగి చాలు. మూడవ బాధ ఆ లెక్కను తిరగరాస్తే తప్ప తగ్గదు. ఆ రాత పని మన ఊళ్లలోనే, ఒక్కొక్క మనిషి పేరుతో, మొదలుకావాలి.